ఎక్కడికీ వెళ్ళని బండి

కంపాలా

పూజ్యులైన అత్తగారికి, అల్లుడు దొమినికో దూరం నుంచే వంగి చేసే నమస్కారాలు.

ఇక్కడ ఇమ్మా, పిల్లలు కులాసా. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీ అమ్మాయి ఇమ్మా కనుక్కోమంది. మన ఆచారంలో అత్తా అల్లుళ్ళం ఎదురుపడకూడదు గనుక, ఫోనులో మీ గొంతు వింటే నాకు నోట మాట రాదు గనుక, ఈ ఉత్తరం మసాకా టాక్సీ డ్రైవరు చేతికిస్తున్నాను.

మీ తమ్ముడి కూతురి క్వాంజులా పరిచయ వేడుక దగ్గరపడింది. పెళ్ళికొడుకు వాళ్ళు రాగానే మేనత్తగా మీరు వాళ్ళ ముందు మోకాళ్ళూని పలకరించాలి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి. లేవలేకపోతే పెద్ద మేనత్త కూర్చునే ఆ గౌరవపు చాప మీ చెల్లెలు పెర్పెటువా గారికి పోతుందట కదా! పోనివ్వను. ఇక్కడ అరటిగెలలు దించి మీ ఊరికి తిరిగొచ్చే లారీలో మా ఎలిప్టికల్ కసరత్తు బండి పంపుతున్నాను. పలకల మీద నిలబడి, పిడులు పట్టుకుని, నడిచినట్టే కాళ్ళాడించాలి. మోకాళ్ళకు మంచిదని డాక్టరు మాట.

ఇట్లు, మీ దొమినికో

తా.క. కొత్తదే అనుకోండి. నేను రోజూ పొద్దున్నే కాసేపు ఎక్కేవాణ్ణి, అంతే.

*

మసాకా

అల్లుడుగారికి అత్త ఎపిఫానియా దీవెనలు.

బండి చేరింది. ఊరంతా చూసింది. "ఎంత తొక్కినా గడప దాటదేంటక్కా? పాపం, మీ అల్లుణ్ణి ఎవరో మోసం చేశారు" అని పెర్పెటువా జాలిపడింది. గోమెసి గౌను నడికట్టు బిగించి ఎక్కాను. చెమట పట్టింది, ప్రాణం హాయిగా ఉంది. దిగి మీ ఉత్తరం చివరిదాకా చదివాను. మీరూ ఎక్కేవారట! అంతే, నా కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

అల్లుడు పాదం మోపిన చోట అత్త పాదం మోపితే ఒబుకో పట్టి కాలూ చెయ్యీ వణికిపోతాయని మీ అమ్మ చెప్పలేదా? ఇలా వణుకుతూ వియ్యాలవారి ముందు మోకాళ్ళెలా ఊనను? పెర్పెటువా అప్పుడే మంచి గోమెసి ఇస్త్రీకి ఇచ్చింది.

మీ అత్త, ఎపిఫానియా

తా.క. కోళ్ళకు మాత్రం బండి నచ్చింది. పుంజు పిడి మీదెక్కి కూస్తోంది. దానికేం, అల్లుళ్ళు లేరు.

*

కంపాలా

అత్తగారూ, శతకోటి దండాలు.

అది ఒబుకో కాదు. మొదటిరోజు ఎవరి కాళ్ళయినా వణుకుతాయి. పైగా, ఇమ్మాకు చెప్పనంటే ఒక సంగతి చెప్తాను. నేను దాన్ని ఏనాడూ ఎక్కలేదు. చొక్కాలు ఆరేసుకునేవాణ్ణి. నా పాదం దానికి తగిలితే ఒట్టు. నిశ్చింతగా తొక్కండి.

ఇట్లు, దొమినికో

తా.క. కవరు అంటించబోతూ ఇమ్మా ఇది చదివేసింది. ప్రస్తుతం నా మతోకే అరటికాయలు నేనే ఉడికించుకుంటున్నాను.

*

మసాకా

అల్లుడుగారికి దీవెనలు.

చొక్కాలా! ఉతికినవా, విడిచినవా? పాదమైతే ఒక్కచోటే తగులుతుంది. చొక్కా అంటే మెడ, వీపు, పొట్ట అన్నీ తగిలినట్టే. మీది సామాన్యమైన పొట్టా? వంశపెద్దను అడిగితే విరుగుడు ఒక్కటేనన్నాడు. అల్లుడు కొత్త గోమెసి పంపాలట. ఆకుపచ్చది. నడికట్టు మెరుస్తూ ఉండాలట.

ఇప్పుడు మా ఇంటి ముందునుంచి కూడా ఎవరూ నడవడం లేదు. అటు తోటలోంచి చుట్టూ తిరిగి పోతున్నారు.

మీ అత్త

తా.క. వణుకు తగ్గలేదు. పొద్దున పూట మరీను.

*

కంపాలా

అత్తగారూ, నమస్కారం.

గోమెసి పంపాను. ఆ నడికట్టు మెరుపుకు దుకాణంవాడే కళ్ళు మూసుకున్నాడు. నాకు తిండి సయించడం లేదు. మేలు చేయబోయి మీ చాపకే ఎసరు తెచ్చాను. ఆరోజు మీరు లేవలేకపోతే నేనిక ఆ ఊళ్ళో తలెత్తుకోలేను. ఆ బండిని పాత ఇనుపసామాను వాడికి ఇచ్చేయండి.

ఇట్లు, దొమినికో

తా.క. ఇమ్మా మళ్ళీ మాట్లాడుతోంది. "మా అమ్మకేమన్నా అయితే నీ సంగతి చెప్తా" అంటోంది.

*

మసాకా

నాయనా దొమినికో, అత్త మనసారా దీవించి రాసేది.

క్వాంజులా రోజు మీరు మగవాళ్ళ గుడారంలో ఉన్నారు, చూశారో లేదో. మోకాళ్ళూనాను. ప్రయాణం దగ్గర్నుంచి పాడిదాకా అన్ని పలకరింపులూ తీరుబడిగా అడిగాను. చెయ్యి నేలకు ఆనించకుండా లేచాను! ఆడవాళ్ళ కేకలకు గుడారం ఎగిరిపోతుందనుకున్నాను. పక్కనే మోకాళ్ళూనిన పెర్పెటువాను మాత్రం ఇద్దరు పడుచులు పట్టి లేపారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. కన్నకొడుకులకు తట్టనిది మీకు తట్టింది.

ఇక ఒబుకో సంగతి. బండి వచ్చిన రోజు నేను దిగేసరికి ఊరంతా వరసలో ఉంది. అందరికంటే ముందు పెర్పెటువా. "నాకూ మోకాళ్ళున్నాయిగా అక్కా, జరుగు" అంది. అది తొక్కిందంటే నా చాప దక్కదు. తోడబుట్టినదాన్ని వద్దనలేను. అప్పుడే మీ తా.క. కంటపడింది. "అయ్యో ఒబుకో!" అని కేకపెట్టి వణికాను. మీరు దానికీ అల్లుడి వరసే, పైగా ముగ్గురు అల్లుళ్ళున్న మనిషాయె, ఒక్క గంతులో గడప అవతల పడింది. ఆనాటి నుంచి బండి నా ఒక్కదానిదే. పుంజు కూయగానే ఎక్కేదాన్ని.

నిజంగానే ఒబుకో పడితే ఎలా అని భయపడలేదా అంటారేమో. మిమ్మల్ని ఏటా చర్చి అవతలి గుమ్మం నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ పొట్ట చూసినవాళ్ళెవరైనా మీరు దాన్ని ఎక్కారంటే నమ్ముతారా?

మీ అత్త, ఎపిఫానియా

తా.క. ఆకుపచ్చ గోమెసి సంగతి వంశపెద్దకు తెలియదు. ఎదురుపడితే ఎత్తకండి.

మరో తా.క. బండిని అదే లారీలో తిప్పి పంపుతున్నాను. పలకలు, పిడులు కొత్తవి వేయించాను, అత్త పాదం తగిలిందని వంక పెట్టడానికి లేదు. ఈసారి చొక్కాలు కాదు, మీరు ఎక్కండి. కాళ్ళు వణికితే కంగారుపడకండి. మొదటిరోజు ఎవరికైనా వణుకుతాయని మా అల్లుడుగారు రాశారు.