ఎవరి చెత్త ఎంత బరువు

ప్రియమైన చెల్లికి,

నీ బస్సు కొత్త రూటులో ఎలా ఉంది? ఇక్కడ నాకో చిక్కు వచ్చిపడింది. శుక్రవారం చివరి పీరియడ్ ఆటలది కదా, దాన్ని తనకి ఇచ్చెయ్యమని లెక్కల మాస్టారు పట్టుబట్టారు. "గంతులేస్తే మార్కులొస్తాయా?" అని ఆయన వాదన. "ఆటలోనే చదువు చెబుతాను" అని పెద్దసారు ముందు నోరు జారాను. "సరే, నెలాఖరుదాకా చూస్తాను" అన్నారాయన.

అందుకని పిల్లలకి చెత్త ఆట పెట్టాను. మైదానం చివర మూడు బుట్టలు: కాగితానికొకటి, ప్లాస్టిక్‌కొకటి, రేకుకొకటి. కుప్పలోంచి ఒక వస్తువు తీసుకుని పరుగెత్తి సరైన బుట్టలో వెయ్యాలి. వేరుచేసినవి మళ్లీ కొత్త వస్తువులు ఎలా అవుతాయో పరుగుల మధ్య చెబుతున్నాను. వారంలో ఎక్కువ బరువు చెత్త తెచ్చిన తరగతికి బడి గంట కొట్టే అవకాశం. గంటంటే వాళ్లకి ప్రాణం.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన పంతులమ్మక్కకి,

నువ్వు నోరు జారడం కొత్తా? నా రూటు బాగానే ఉంది, ఎక్కేవాళ్లే బాగాలేరు. టిక్కెట్టు చేతిలో పెట్టడం ఆలస్యం, కింద పారేస్తారు. "దిగేదాకా దాచుకోవాలయ్యా" అంటే, "అయితే నీ దగ్గరే ఉంచు తల్లీ" అన్నాడొకాయన. మీ పిల్లల్ని ఓసారి నా బస్సెక్కించు.

బరువు మీద పందెం పెట్టావు, జాగ్రత్త. సీటు కోసం కిటికీలోంచి సంచులు విసిరేవాళ్లని నేను రోజూ చూస్తాను. పోటీ అనేసరికి మనిషికి ఏం తోస్తుందో చెప్పలేం. బావని అడిగానని చెప్పు.

నీ కండక్టరు చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నీ నోరు మంచిది కాదే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఐదో తరగతి వాళ్లు పాత పేపర్లు నీళ్లలో నానబెట్టి మరీ తెచ్చారు. నాలుగో తరగతి పిల్ల నిండు షాంపూ సీసా తూములో ఒంపేసి, ఖాళీది పట్టుకొచ్చింది. నిన్న ఒకావిడ గేటు దగ్గరే అందుకుంది: "టీచరమ్మా, మా మూకుడు మీ బడిలో తేలిందట! ఇక మీ బుట్టలో వండుకోనా?"

లెక్కల మాస్టారు కిటికీలోంచి అంతా చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. అదే భరించలేకపోయాను. చెత్త తగ్గించడం నేర్పబోయి పుట్టించడం నేర్పాను. ఇంకో శుక్రవారం చూసి తేలుస్తానన్నారు పెద్దసారు. పీరియడ్ పోతుందని పిల్లలకి ఎలా చెప్పను?

దిగులుతో,
అక్క

*

ప్రియమైన అక్కకి,

మూకుడు దగ్గర నవ్వాపుకోలేక విజిల్ కొట్టడం మర్చిపోయాను. ఇద్దరు దిగాల్సిన చోట దిగలేదు. డ్రైవరన్న చేత తిట్లు తిన్నాను. ఇంకో శుక్రవారం ఉందిగా? ఏం చేస్తావో చెయ్యి. ఏడుపు ఉత్తరం మాత్రం మళ్లీ రాయకు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

పందెం తిరగేశాను. ఏ గది బుట్టలో తక్కువ చెత్త పడితే వాళ్లదే గంట. అన్నిటికన్నా నిండిన బుట్ట ఎవరిదో, వాళ్లు అందరి ముందూ దాన్ని వేరుచేస్తూ పరుగెత్తాలి. పిల్లలు కాగితానికి రెండు వైపులా రాయడం మొదలుపెట్టారు. జేబులో చెత్త దాచినవాణ్ణి పక్కవాడే పట్టిచ్చాడు.

శుక్రవారం బుట్టలన్నీ వరసగా పెట్టాక మూడో తరగతి పిల్ల లేచింది. "టీచర్, స్టాఫ్‌రూమ్ కూడా గదే కదా?"

కాదనడానికి ఏముంది? ఆ బుట్టా తెచ్చి పెట్టారు. పొర్లిపోతోంది. ఒకవైపే అచ్చేసిన ప్రశ్నపత్రాలు, కాగితం కప్పులు, ఇంకా ఏమేమో.

పెద్దసారు చెప్పులు విడిచి పరుగెత్తారు. తర్వాత లెక్కల మాస్టారు. ఆయన చేతికి బిస్కెట్ల రేపర్ వస్తే కాగితం బుట్టలో వేశారు. బడంతా "తప్పూ!" అని ఒకటే అరుపు.

"కాగితంలాగే ఉందిగా!" అన్నారాయన.

"అయితే చింపండి సార్," అంది ఆ పిల్లే.

లాగారు. సాగింది గానీ చిరగలేదు. గంట మూడో తరగతి వాళ్లు కొట్టారు.

పెద్దసారు రొప్పుతూనే, "ఇక ఈ పీరియడ్ సంగతి తేల్చాలి" అన్నారు. నేను నోరు తెరిచేలోపే లెక్కల మాస్టారు అడ్డుపడ్డారు. "తేల్చడానికేముంది సార్? వచ్చే శుక్రవారం ఆట ఉండాల్సిందే. పిల్లల చేతిలో ఓడి ఊరుకుంటానా?"

సోమవారం నుంచి స్టాఫ్‌రూమ్ బుట్ట పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నారు. ఎవర్నీ ఏమీ వెయ్యనివ్వరు. నీకు రాద్దామని తెల్లకాగితం తీస్తే లాక్కుని, పాత ప్రశ్నపత్రం చేతిలో పెట్టారు. వెనకవైపు నా ఉత్తరం ఉంది. ముందువైపు మూడో లెక్క చెయ్యగలవేమో చూడు. నావల్ల కాలేదు.

నవ్వుతూ,
అక్క