పేషీ రోజే లెక్కల పరీక్ష

మంగళవారం, తాండూరు

ఈరోజు వికారాబాద్ జైల్లో మా ఓపెన్ స్కూల్ పదో తరగతి లెక్కల పరీక్ష. నర్సింలు కుర్చీ ఖాళీ. ఇదే రోజు అతనికి తాండూరు కోర్టులో పేషీ పడింది, పొద్దున్నే వ్యాన్ ఎక్కించి తీసుకుపోయారు. పరీక్ష పెట్టినవాళ్లకు పేషీ సంగతి తెలియదు, పేషీ వేసినవాళ్లకు పరీక్ష సంగతి తెలియదు. రెండూ తెలిసిన నేను చేసిందేమీ లేదు.

కరణ్‌కోట క్వారీలో బండలు కోసిన మనిషి. నలభై దాటాక, కేసు తేలక లోపల ఉండి, నా దగ్గర బీజగణితం మొదలుపెట్టాడు. ఈమధ్య నాకంటే ముందే జవాబు చెబుతున్నాడు.

జవాబు పత్రాలు కట్టకట్టి సీలు వేస్తుంటే వ్యాన్ తిరిగొచ్చింది. నేనిచ్చిన పెన్ను అతని జేబులోనే ఉంది.

"వకీలు రాలె సార్, మళ్ల వాయిదా ఏసిండ్రు. పరీక్ష గూడ వాయిదా పడ్డదా?"

"పరీక్షకు వాయిదాలుండవు నర్సింలూ. ఇగ వచ్చే ఏడాదే."

అతనే నన్ను ఓదార్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. అప్పటిదాంక నేను ఈడనే ఉంట గద."

"మంచిది" అన్నాను. ఎవరేం చెప్పినా నా నోటికొచ్చే మాట అదే. అతను తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చే బస్సు ధారూరు దాటాక గానీ, నేనేమన్నానో నాకు వినబడలేదు.