బోరు నీళ్లు పోసిన కారు

గురువారం, కోరుట్ల

పొద్దున బాపు ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే దాని అడుగున పాల టీ రంగు నురగ అంటుకొని ఉంది. "ఏంగాదు బిడ్డా" అన్నాడు కానీ, మెకానిక్‌ను పిలిపించాడు.

అతను రేడియేటర్‌లోకి తొంగి చూశాడు. "దీంట్ల ఏం పోస్తున్నవే అన్నా?"

"బోరు నీళ్లు. ఎప్పటివప్పుడే పట్టి పోస్త."

"కూలెంట్ పొయ్యాలె గదనే! చౌడు పట్టి రేడియేటర్ జామైంది. ఇంజిన్ కాగి గాస్కెట్ పోయింది, ఆయిల్ల నీళ్లు కలిసినయ్. గిది బాగుచేసే పైసలకు గిసొంటిదే ఇంకోటి అస్తది. ఇగ దండేసి మొక్కుడే! స్టార్ట్ మాత్రం చెయ్యకు."

అరుగు మీద కూర్చున్న అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. అమ్మను డయాలసిస్‌కు జగిత్యాల తీసుకెళ్లే ప్రతిసారీ ఆ నీళ్లు పోసింది ఆయనే.

డిక్కీ కారే కావాలని ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మొదట బ్యాటరీ పోయింది, తర్వాత క్లచ్. ప్రతిసారీ ఇదే చివరి ఖర్చు అనుకున్నాం.

రేపు మళ్లీ డయాలసిస్ ఉంది. అది అయ్యాక అమ్మకు బస్సు మెట్టు ఎక్కే ఓపిక ఉండదు. ఎదురింటి చిన్నాయనను కారు అడగాలని మాటలన్నీ మనసులో పేర్చుకొని వెళ్లాను. చిన్నమ్మ గేటు తీసి "ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్?" అంది. "ఏం లేదు చిన్నమ్మా" అని తిరిగి వచ్చేశాను. తెల్లారగానే అడగాలి. అడగగలనో లేదో...

"ఒక్కపారి పోకుంటె ఏమైతది? నాకు మంచిగనే ఉన్నది" అంటోంది అమ్మ.

డయాలసిస్ తప్పితే తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయని నర్సు ఎప్పుడో చెప్పింది. మధ్యాహ్నం నుంచి అమ్మ గుక్కెడు నీళ్లు తాగలేదు.