రెండో మనిషి

పైడమ్మప్పా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదు. అయినా బొబ్బిలి దగ్గర మన అవిటివాళ్ల ఆశ్రమంలో ఇవాళ జరిగింది నీకే చెప్పాలనిపించింది.

పొద్దున విశాఖపట్నం నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. కదల్లేని వాళ్లను మంచం మీంచి ఎలా లేపాలో మా ఆయాలందరికీ నేర్పింది. ఒక్కరే ఎత్తకూడదట, ఇద్దరు పట్టాలట. అది నేర్పించమనే కదా నువ్వు ఏళ్ల తరబడి అడిగావు? ఒక్కదానివే ఎత్తీ ఎత్తీ నడుం పడిపోయి మంచాన పడ్డావు.

"బాబూ, నా గదిలో పదిమందికి నానొక్కదాన్నే. రెండో మడిసినెప్పుడేస్తారు?" అని మేనేజరును అడిగాను.

"ఎవుల్నీ ఎయ్యం. సెయ్యలేకపోతే మానీ," అన్నాడు.

మానేద్దామనే బట్టలు మూట కట్టాను. కాళ్లు చచ్చుబడిన మన గౌరికి చెప్పి పోదామని వెళ్లాను. తను బతిమాలుతుందనుకున్నాను.

"ఎల్లిపో అప్పా. నువ్వు కూడా పైడమ్మప్పలాగ అయిపోతే నాను సూడలేను," అంది.

పోవద్దని ఏడ్చి ఉంటే విసుక్కుని గేటు దాటేదాన్నేమో. పొమ్మనేసరికి ఎటూ వెళ్లలేకపోయాను. మూట విప్పేసి, తనకు గంజి తాగించాను.

నీ చేతికింద పని నేర్చుకున్న
సూరమ్మ