బంద్ రోజు ఎక్కిన బండి

రూతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇళ్లకు నర్సులను పంపే మన కంపెనీకి నీ కథతో కొత్త కరపత్రం వేయించాను. రాయడానికి హైటెక్ సిటీ నుంచి వచ్చినాయన, "తెలంగాణ ఉద్యమం మాటా, ఆవిడది గుంటూరన్న మాటా తీసేద్దామండి. రెండువైపులా కస్టమర్లు పోతారు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అవి తీసేస్తే ఆ కథ ఏ కంపెనీకైనా అతుకుతుంది.

బంద్ రోజు చందానగర్‌లో రోడ్డు మీద బైఠాయించిన వాళ్లతో నువ్వు, "పెద్దాయనకి ఇన్సులిన్ ఇవ్వాలండి, వెళ్లనివ్వండి" అన్నావు. ఆ మాటతోనే నీది ఏ ప్రాంతమో వాళ్లకు తెలిసిపోయింది. అయినా జెండా కట్టిన బండి మీదున్నాయన, "ఎక్కు అక్కా, జల్ది పోదాం" అని నిన్ను మాదాపూర్‌లో దింపాడు. అంతా అలాగే అచ్చు వేయించాను.

ఈ పొద్దున ఒకాయన ఆ కరపత్రం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"గా బండి నాదే మేడమ్. మా అమ్మకు పాణం మంచిగ లేదు. గా అక్కనే పంపుతరా?"

నువ్వు లేవని చెప్పాను. ఆయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి అక్క పని నేర్పినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"చాలామంది ఉన్నారు" అన్నాను.

నువ్వు పని నేర్పిన మీ గుంటూరు పిల్ల మందుల సంచి భుజాన వేసుకుని ఆయన బండి ఎక్కింది.