గుహలోకి హెల్మెట్

వీణా,

నువ్వు సెమిలిగుడలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నేను బి షిఫ్టులో ఉంటాను. పులుసు వేడి చేసుకో. ఐదింటికి నీళ్లొస్తాయి, డ్రమ్ము నింపు. శ్వేత పక్క క్వార్టర్లో అమ్మణ్ణి గారింట్లో ఉంది. నా మీద అలిగింది.

తప్పు నాదే. నిధి కోసం ఇల్లొదిలి పారిపోయే కుర్రాడి కథ, నా చిన్నప్పటి పుస్తకం, శ్వేతకి రోజూ చదివి వినిపిస్తున్నాను. ప్లాంటులో సేఫ్టీ చూసేవాడి నోరు కదా, ఊరుకోలేదు. గుహలో దూరేముందు వాడికి హెల్మెట్, గమ్ బూట్లు తొడిగించాను. తెప్ప ఎక్కేముందు పర్మిట్ మీద సంతకం పెట్టించాను. అక్కడ దొరికిపోయాను. పిల్ల పుస్తకం లాక్కుని చూసింది.

"ఇందులో పర్మిట్ ఏటి నాన్నా? నువ్వు సదవొద్దు, అమ్మొచ్చి సదువుతాది" అనేసింది.

మిగతాది నువ్వే చదువు. ఉన్నదున్నట్టు చదువు.

ప్రకాష్

ఇంకోటి. నలభయ్యో పేజీలో వాడి అమ్మ అన్నం కలిపి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. అది నేను కలిపింది కాదు, పుస్తకంలోనే ఉంది. చిన్నప్పుడు పదిసార్లు చదివాను. అప్పుడు ఆవిడ నా కళ్లకి ఒక్కసారీ ఆనలేదు.