ఆర్గన్ వంతు

డ్రోహెడా, ఐర్లండ్, జూన్

ప్రియమైన సిస్టర్ లూర్దు మేరీ గారికి,

వందనాలు. ఫోనులో అడుగుదామంటే ధైర్యం చాలలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసే నర్సింగ్ హోంలో నోరీన్ గారనే పెద్దావిడ ఉన్నారు. ఆవిడకు సూపు తాగిస్తూ, కాన్వెంటులో మీరు నేర్పిన లాటిన్ మరియమాత స్తుతి పాడుతుంటాను. ఆవిడ తమ్ముడు డోనల్ గారు విన్నారు. ఆయన ఇక్కడి గుడిలో ఆర్గన్ వాయిస్తారు.

"ఆగస్టులో మరియమాత పండుగ పూజలో పాడతావా? ఈ పాట వచ్చినవాళ్ళు మా కాయిర్‌లో ఎవరూ మిగల్లేదు. నువ్వు కాదంటే ఈసారి కూడా పాట ఉండదు" అన్నారు.

ఒక్కదాన్నే ఎప్పుడూ పాడలేదు. ఆ భయం ఒకటి. ఇంకొకటి, ఆదివారం పూజ చివర ఆయన మన పాటే వాయించారు. మొదటి పాదం మనదే. తర్వాత పాట కనబడకుండా పోయింది. ఎదురుగా కాగితం లేదు, అప్పటికప్పుడు కల్పిస్తారట. మనింట్లో సామాన్లన్నీ ఎవరో జరిపేసినట్టనిపించింది. అయినా ఆయన ఆపేదాకా లేవలేకపోయాను. అది నచ్చడం తప్పా? పాడనా, వద్దా?

జవాబు కోసం చూస్తూ,
జెస్సికా

ఫిరంగిపురం

ప్రియమైన జెస్సికాకు,

ఆ పాటకు తాళమే లేదు, బాజా ఎందుకట? అంతసేపు వాయించారంటే డోనల్ గారికి కీళ్ళనొప్పులు లేనట్టున్నాయి. నచ్చితే నచ్చనీ, ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకునేంత విషయం కాదు.

నువ్వు పాడు. ఒక్క చరణం కూడా వదలకు. దేవమాతకు సగం పాట ఇవ్వకూడదు.

నిన్నింకా మొదటి బెంచీలోనే చూస్తున్న,
సిస్టర్ లూర్దు

డ్రోహెడా, జూలై

ప్రియమైన సిస్టర్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. అదే తప్పయింది.

రిహార్సల్లో మొదటి చరణం పాడాను. ఆర్గన్ మొదలైంది. నాకు తోడనుకుని రెండో చరణం ఎత్తుకున్నాను. ఆయన పైకి, నేను కిందికి. ఆయన ఆపేశారు. నేను ఆపలేక చివరిదాకా పాడాను. కాయిర్ ఆడవాళ్ళు నేలకేసి చూస్తున్నారు.

ఆయన మేడ మీది ఆర్గన్ దగ్గర్నుంచి దిగి వచ్చి, "యూ ఆర్ గ్రాండ్. కానీ ఆ చరణం నాది" అన్నారు. గ్రాండ్ అంటే ఇక్కడ ఫరవాలేదని.

ఒక చరణం మనిషి పాడితే, తర్వాతది ఆర్గన్ చెబుతుందట. పాత పద్ధతట. మాటల్లేకుండా వాయిస్తే ఆ చరణం వదిలేసినట్టు కాదా, సిస్టర్?

గుడికి వెళ్ళకుండా ఆదివారాలు అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నాను. ఆయన అక్కను చూడ్డానికి వస్తే దుప్పట్ల గదిలో దాక్కున్నాను. పండుగకు వస్తానో రానో చెప్పమని కబురు పెట్టారు.

ఏమీ తోచని,
జెస్సికా

ఫిరంగిపురం

ప్రియమైన జెస్సికాకు,

ఆ గదిలో కుర్చీ అయినా ఉందా?

ఆ పద్ధతి నాకూ తెలియదు. కానీ సాయంకాల ప్రార్థనలో కీర్తనలు ఎలా చెప్పేవాళ్ళం? కుడి బెంచీలు ఒక చరణం, ఎడమ బెంచీలు ఒక చరణం. ఎదుటివాళ్ళది వదిలేశానని ఎప్పుడైనా ఏడ్చావా? డోనల్ గారు నీ ఎదుటి బెంచీ, అంతే.

వాళ్ళు చెప్పేటప్పుడు నువ్వు నీ పాదం మీద వేలు పెట్టుకుని కూచునేదానివి. వినేదానివి కాదు. ఈసారి పుస్తకం మూసెయ్. ఒడిలో చేత్తో పాట ఎక్కడం దిగడం గీసుకుంటూ విను.

ప్రార్థిస్తూ,
సిస్టర్ లూర్దు

డ్రోహెడా, ఆగస్టు

ప్రియమైన సిస్టర్ గారికి,

పాడాను.

ఆయన వంతు రాగానే పుస్తకం మూశాను. పైన పరుగెత్తే స్వరాలతో నా చెయ్యి కలవలేదు. చాలాసేపటికి కింద వినబడింది. ఆర్గన్‌కు పాదాల కింద కూడా మెట్లుంటాయి, పాటను వాటి మీద కాళ్ళతో వాయిస్తున్నారు, ఒక్కో స్వరం ఒక్కో ఊపిరంత పొడుగ్గా. పైన వేళ్ళు ఎటు పోయినా కింద మన పాట నడుస్తూనే ఉంది.

మూడో చరణం చివర నా గొంతు జారింది. పుస్తకంలో లేని జారుడు. ఆయన తర్వాతి చరణం సరిగ్గా అక్కణ్ణుంచే ఎత్తుకున్నారు. వెక్కిరిస్తున్నారనుకుని చెవులు కాలిపోయాయి. కానీ దాన్ని తిప్పి చూశారు, పైకి ఎక్కించారు, మళ్ళీ కాళ్ళలోకి దించారు. ఎవరూ వెక్కిరించడానికి అంత శ్రద్ధ పెట్టరు.

పూజయ్యాక "అక్కడ తప్పు పాడాను" అన్నాను.

"ఏది? నువ్వు నాకిచ్చిందా?" అన్నారు.

అది దిద్దుకోవాలో వద్దో ఇప్పటికీ తెలియడం లేదు. ఎందుకంటే అది మీ జారుడు, సిస్టర్. పాదం చివర మీ గొంతు అలాగే దిగుతుంది. మేమంతా అలాగే పట్టుకున్నాం. ఆ పూజలో డ్రోహెడా గుడి నిండా మీరే వినబడుతుంటే, నా చరణం వచ్చినా నోరు తెరవలేకపోయాను.

ఆయన తొందరపెట్టలేదు. నేను పాడేదాకా ఆగారు.

ప్రేమతో,
జెస్సికా